కీళ్ల అరుగుదల - వైద్యుని మాట

“వయస్సు మీరినది, మోకాలిలో గుజ్జు అరిగినది, ఇక చేయదగినదేమియు లేదు.” ఈ మాట విని, నొప్పికి జడిసి, నడక మానివేయువారు అనేకులు. ఆస్టియో ఆర్థ్రైటిస్ అను ఈ వ్యాధిని గూర్చి వైద్యులలో నాటుకొనిన ఈ నిరాశకు సుదీర్ఘమైన చరిత్ర కలదు.

1743లో విలియం హంటర్ లండనులోని రాయల్ సొసైటీకి కీళ్ల మృదులాస్థిని గూర్చి ఒక వ్యాసము సమర్పించెను. మృదులాస్థి ఒకసారి నశించినచో తిరిగి పూడుకొనదని అందులో తెలిపెను. వేలికణుపులపై లేచు గట్టి బొడిపెలకు, గౌట్ అను వాతవ్యాధికి సంబంధము లేదని విలియం హెబర్డెన్ గుర్తించెను. ఆయన మరణానంతరము 1802లో ఈ విషయము గ్రంథరూపమున వెలువడెను. క్రమముగా ఇది వేరొక వ్యాధియని తేలినది. కాని బండి ఇరుసువలె కీలు అరిగిపోవుటయే ఈ వ్యాధియను భావము స్థిరపడెను. అరిగిన దానిని వాడకుండుటయే మేలని తోచుట సహజము గదా!

1957లో ఇంగ్లండులో కెల్‌గ్రెన్, లారెన్స్ అను వైద్యులు ఎక్స్‌రే చిత్రములలోని మార్పులను 0 నుండి 4 వరకు తరగతులుగా విభజించిరి. వ్యాధిని కొలుచుట సులభమైనది. అయితే చిత్రములో అరుగుదల కనిపించినను నొప్పి లేనివారు కలరు. చిత్రము బాగున్నను బాధపడువారు కలరు. 1962లో జాన్ చార్న్‌లీ రూపొందించిన కృత్రిమ తుంటికీలు ఎందరినో తిరిగి నడిపించినది. వ్యాధి ముదిరినవారికి శస్త్రచికిత్స, తక్కినవారికి నొప్పి మాత్రలు! ఈ రెండింటి నడుమ వైద్యుడు చెప్పదగినది కొరవడెను.

యథార్థమునకు కీలు ఇరుసు వంటిది కాదు. మృదులాస్థిలో రక్తనాళములు లేవు. కీలులోని ద్రవము నుండియే అది ముఖ్యముగా పోషణ పొందును. కీలు కదలుచు, దానిపై బరువు పడి తొలగుచున్నపుడు ఆ ద్రవము లోనికి, వెలుపలికి ప్రసరించును. తొడకండరములు బలపడినచో మోకాలికి దన్ను లభించును. అమెరికాలో 60 ఏండ్లు నిండిన 439 మందిపై జరిగిన ఒక పరిశోధన ఫలితములు 1997లో వెలువడెను. 18 నెలల పాటు నడక గాని, బరువులతో వ్యాయామము గాని చేసినవారికి, ఆరోగ్యబోధ మాత్రమే పొందినవారికంటె నొప్పి కొంత తగ్గి, నడక మెరుగుపడినది. వ్యాయామము వలన కీలు మరింత చెడినట్లు ఎక్స్‌రేలలో కనిపించలేదు.

ఋజువు దొరికినంత మాత్రమున అలవాటు మారదు. వ్యాయామమును ఎట్లు నేర్పవలెనో ఎరుగనివాడు దానిని ధైర్యముగా చెప్పలేడు. డెన్మార్కులో 2013లో ఆరంభమైన ఒక పథకము ఫిజియోథెరపిస్టులకు రెండు దినముల శిక్షణ నిచ్చి, వారిచే రోగులకు వ్యాధి స్వభావమును, వ్యాయామమును బోధింపజేసినది. తరువాత అది ఇతర దేశములకును వ్యాపించినది.

మృదులాస్థిని గూర్చి హంటర్ చెప్పినది నేటికిని చాల వరకు నిజమే. కాని అరిగినది తిరిగి రాదనుటకు, చేయదగినదేమియు లేదనుటకు ఎంతో భేదము కలదు. ఆ భేదమెరిగిన వైద్యుని మాటతో రోగి మరల నడక సాగించును.