ముంగిట్లోకి వచ్చిన బడి
(అంగన్‌వాడీ స్వర్ణోత్సవ ప్రత్యేక సంచిక కోసం)

సంచికకు ఏదైనా రాసివ్వమని పాత సహోద్యోగులు అడిగినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపాను. సూపర్‌వైజరుగా తిరిగిన రోజుల నాటి డైరీలు, రెండు శిక్షణ పుస్తకాలు, అంచులు చిరిగిన ఒక పెరుగుదల చార్టు దొరికాయి. చార్టు మీద ఏ బిడ్డ పేరూ లేదు. శిక్షణలో గీత గీయడం నేర్పడానికి వాడినది. అయినా దాన్ని చూస్తే ఉద్యోగమంతా కళ్లముందు కదిలింది. అందుకే ఈ యాభై ఏళ్ల కథను ఆ గీతను పట్టుకునే చెబుతాను.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, మనందరి నోళ్లలో ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న మొదలైంది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో కేంద్రం జాతీయ బాలల విధానాన్ని ప్రకటించింది. పిల్లలు జాతికి అన్నిటికన్నా విలువైన సంపద అని అందులో రాసుకున్నారు. ఆ మాటకు చేతలు కావాలి కనుక దేశం మొత్తం మీద 33 బ్లాకులను ఎంచుకుని ప్రయోగంగా పని ప్రారంభించారు. మనకు వచ్చినవి రెండు: గోండుల గడ్డ ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, కరువుసీమ అనంతపురం జిల్లా కంబదూరు. ఒకటి అడవి, ఒకటి మెట్ట. ఆకలి ఏ రూపంలో ఉంటుందో తెలిసి ఎంచినట్టే ఉంటుంది ఆ జంట.

పేరు ఎక్కడిది?

ఆలోచన మాత్రం 1975 కన్నా పాతది. మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో తారాబాయి మోడక్ 1940లలో పిల్లల బడి నడిపేవారు. గుజరాత్‌లో గిజూభాయి బధేకా దగ్గర మాంటిస్సోరి పద్ధతిలో పనిచేసిన మనిషి ఆమె. బడి తెరిచి కూర్చుంటే పేదవాడల పిల్లలు రాలేదు. తల్లులు కూలికి పోతే చంటివాళ్లను చూసుకునేది ఆ ఐదారేళ్ల పిల్లలే కదా, ఎలా వస్తారు? దాంతో తారాబాయి, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ కలిసి బడినే వాడలోకి, ఇళ్ల మధ్య ముంగిలిలోకి తీసుకువెళ్లారు. మరాఠీలో ‘అంగణ్’ అంటే వాకిలి. అట్లా పుట్టింది ‘అంగన్‌వాడీ’. పిల్ల బడికి రాకపోతే బడే పిల్ల దగ్గరికి పోవాలన్న ఒక్క సూత్రం ఆ పేరులోనే ఉంది.

మన వైపు నుంచి రెండు పాయలు ఈ ప్రవాహంలో కలిశాయి. మొదటిది రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన ఆమె, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. బోర్డు పల్లెల్లో బాలవాడీలు నడిపించింది. మా తరంలో అంగన్‌వాడీని ఇప్పటికీ ‘బాలవాడి’ అనే ముసలమ్మలు ఉన్నారంటే కారణం ఇదే.

రెండోది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో మన ఊరికి వచ్చింది. చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ‘ఎ’ మందు చుక్కలు పోస్తే చూపు కాపాడవచ్చన్న పని ఇక్కడ జరిగింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. ‘హైదరాబాద్ మిక్స్’ కూడా ఇక్కడిదే: 40 గ్రాముల గోధుమ, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ, 20 గ్రాముల బెల్లం. వేయించి, పొడి చేసి పెడితే బక్కచిక్కిన బిడ్డ తేరుకుంటుంది. ఏ ఇంట్లోనైనా దొరికే దినుసులే మందు కావచ్చని చెప్పిన సూత్రం అది. తర్వాత నాచారంలోని పోషకాహార ఫ్యాక్టరీ నుంచి మన కేంద్రాలకు వచ్చిన బాలామృతం పిండి వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

పళ్లెంలో ఏముంది?

ఐసీడీఎస్ చేతిలో పెట్టినవి ఆరు సేవలు. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్య పోషణ పాఠాలు. ఊరు మాత్రం ఆరింటినీ చూడలేదు, తిండినే చూసింది. ఆ తిండి చాలా వేషాలు వేసింది. కేర్ సంస్థ ఇచ్చిన మొక్కజొన్న సోయా పిండి, ఉప్మా రవ్వ, మురుకులు, బాలామృతం, గుడ్డు. గుడ్డు వచ్చాక హాజరు పెరిగిందని ఏ టీచర్ని అడిగినా చెబుతుంది. గుడ్డు పక్కదారి పట్టకుండా దాని పెంకు మీద రంగు ముద్ర వేసే రోజులు కూడా చూశాం.

గర్భిణుల సంగతి వేరు. ఇంటికిచ్చిన సరుకు ఇంటిల్లిపాదీ తినేవారు, కడుపుతో ఉన్న కోడలి వంతు ఆఖరిది. అందుకే 2013లో ‘అమృతహస్తం’ పేరుతో కేంద్రంలోనే కూర్చోబెట్టి ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెట్టడం మొదలైంది. ‘కోడలిని తిండికి వీధిలోకి పంపుతామా’ అని అలిగిన అత్తలు ఉన్నారు. ఆ అత్తల దగ్గరికి ఒక్కొక్క టీచరు ఎన్నిసార్లు తిరిగిందో లెక్క రాసే రిజిస్టరు లేదు. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణలో అది 2015లో ‘ఆరోగ్యలక్ష్మి’ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘సంపూర్ణ పోషణ’ అయింది. పథకం పేర్లు మారాయి గాని వడ్డించిన చెయ్యి మాత్రం కేంద్రంలోని ఆయమ్మదే.

గీత చెప్పిన మాట

ఇప్పుడు చార్టు దగ్గరికి వస్తాను.

బరువు తూచే రోజు సాల్టర్ త్రాసును దూలానికో, చెట్టు కొమ్మకో కట్టేవాళ్లం. చడ్డీలాంటి గుడ్డ సంచిలో బిడ్డ కాళ్లు దూర్చి కొక్కేనికి తగిలించాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, ముల్లు ఊగుతుంది. ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. బరువు చదివి, చార్టులో ఆ నెల గడి వెతికి చుక్క పెట్టాలి. పోయిన నెల చుక్కతో దాన్ని కలపాలి. గీత పైకెక్కితే బాగు. అడ్డంగా పోతే హెచ్చరిక. కిందికి దిగితే ఆ సాయంత్రమే ఆ ఇంటికి పోవాలి. చదువు రాని తల్లికి కూడా ఆ గీత అర్థమయ్యేది. ‘మా వాడి గీత పండుకుంది మేడమ్’ అని ఒక తల్లి అన్నది నా డైరీలో ఉంది. అంతకన్నా బాగా ఏ శిక్షణ పుస్తకమూ చెప్పలేదు.

ఒకసారి తనిఖీకి వెళ్లినప్పుడు చార్టులన్నీ చూస్తే అందరు పిల్లల గీతలూ ఒకే వాలులో ఎక్కుతున్నాయి. నెలకు సరిగ్గా రెండు వందల గ్రాములు. జ్వరం వచ్చిన బిడ్డకూ రెండు వందలే, కూలికి వలస పోయి వచ్చిన వాళ్ల బిడ్డకూ రెండు వందలే. టీచర్ని నిలదీశాను. ఆమె తల వంచుకోలేదు.

‘త్రాసు చెడిపోయి ఆరు నెలలైంది మేడమ్. కాయితం రాసిచ్చినా. గడులు ఖాళీగా పెడితే సెక్టార్ మీటింగులో అందరి ముందరా నిలబెట్టేది మీరే కదా.’

నా దగ్గర జవాబు లేదు. ఆమె రాసిచ్చిన కాయితం నా ఫైలులోనే ఉంది. పైకి పంపే పట్టికలో ఖాళీలు ఉండకూడదన్నదే నా పట్టుదల. ఆ ఆరు నెలలు బిడ్డలు ఎంత పెరిగారో ఎవరికీ తెలియదు. పట్టిక మాత్రం నిండింది. తప్పుడు అంకె వేసింది ఆమె చెయ్యి, వేయించింది నా కుర్చీ. ఆ రోజు నుంచి నా సెక్టారులో ఖాళీ గడికి శిక్ష లేదు, ‘త్రాసు లేదు’ అని రాయమన్నాను. త్రాసు వచ్చిన తర్వాత తూస్తే ఇద్దరు పిల్లలు తీవ్ర లోపంలో తేలారు.

గీత నమ్మదగినదిగా ఉండటం ఎంత ముఖ్యమో, దాన్ని చదివే కొలబద్ద కూడా అంతే ముఖ్యం. మొదట్లో ఒకటి నుంచి నాలుగు గ్రేడ్లుగా లెక్కించేవాళ్లం. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులు వచ్చాయి, మగపిల్లలకు ఆడపిల్లలకు వేర్వేరుగా. నిన్నటి బిడ్డే, నిన్నటి బరువే, కొత్త చార్టులో మాత్రం వేరే రంగులో పడింది. మీటింగుల్లో గగ్గోలు పుట్టింది. బిడ్డ మారలేదు, మన చూపు మారిందని చెప్పడానికి నెలలు పట్టింది.

యాభై ఏళ్లు పెట్టినా లోపం పోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత అంతకన్నా ఘోరం. తల్లికి పెళ్లయిన వయసు, నీటి శుభ్రత, కూలి దినాలు, పొలం చేతిలో ఉండటం, అన్నీ కలిసి ఆ ఎత్తును నిర్ణయిస్తాయి. ఒక గుడ్డు అన్ని బరువులూ మోయలేదు. ఉత్సవం రోజున ఈ అంకెలు దాచుకోవడం నా రెండు వందల గ్రాముల గీత లాంటిదే అవుతుంది.

కోర్టు మెట్లు, రోడ్డు మీద రోజులు

అంగన్‌వాడీ ఇంత దూరం విస్తరించింది పైవాళ్ల దయతో మాత్రమే కాదు. తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రతి ఆవాసంలోనూ అంగన్‌వాడీ కేంద్రం ఉండాలంది. 2006 డిసెంబరు 13న మరో అడుగు వేసి, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న వాడ అడిగితే కేంద్రం ఇవ్వాల్సిందేనని, 2008 ముగిసేలోగా 14 లక్షల కేంద్రాలు ఉండాలని చెప్పింది. 33 బ్లాకుల ప్రయోగం హక్కుగా మారిన ఘట్టం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలు మంజూరయ్యాయి. ఎస్సీ కాలనీకి, గూడేనికి, తండాకు కేంద్రం దక్కిందంటే చాలాచోట్ల ఆ తీర్పుల చలవే.

వాటిని నడిపే మనిషి లెక్క మాత్రం ఇంకా తేలలేదు. 1975లో ఆమెకిచ్చింది నెలకు నూరు, మెట్రిక్ పాసైతే నూట యాభై. జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. స్వచ్ఛందంగా సేవ చేసే స్థానిక మహిళ అని నిర్వచించారు. తర్వాత ఆమె నెత్తిన టీకాల సర్వే, పల్స్ పోలియో, ఓటర్ల జాబితా, జనాభా లెక్క, ఫోన్లో పోషణ్ ట్రాకర్, ఇప్పుడు ముఖ గుర్తింపు, ఒక్కొక్కటీ చేరాయి. పని పూర్తికాలపుదైంది, హోదా మాత్రం స్వచ్ఛందంగానే మిగిలింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టం, అంటే ఎస్మా, ప్రయోగించింది. అప్పటికి వాళ్లు అందుకుంటున్నది టీచరుకు 11,500, ఆయాకు 7,000. అత్యవసర సేవ అయితే ఉద్యోగి కావాలి, ఉద్యోగి కాకపోతే ఎస్మా ఎందుకని శిబిరంలో ఒక ఆయమ్మ అడిగింది. నేటికీ ఆ ప్రశ్నకు సూటి జవాబు వినలేదు. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిచ్చింది. సగం జవాబు అక్కడ ఉంది.

ఇక ముందు

బడి వైపు కూడా చూడాలి. ఆరు సేవల్లో ఎప్పుడూ వెనకబడింది పూర్వ ప్రాథమిక విద్యే. వంట, వడ్డన, రాత అయ్యేసరికి ఆటపాటకు గంట మిగలదు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే చదువు పునాది అంటోంది. తల్లిదండ్రులేమో నాలుగేళ్లకే ఇంగ్లీషు మీడియం బస్సెక్కిస్తున్నారు. ఇసుకలో అక్షరం దిద్దడం, గింజలు లెక్కపెట్టడం, కథ విని తిరిగి చెప్పడం చదువు కాదనుకుంటున్నారు. ఆ వయసులో అదే చదువని చెప్పగలిగేది వాడలో పుట్టి వాడలో పెరిగిన ఆ టీచరే. ఆమె మాట వాళ్లు వింటారు. ఎందుకంటే వాళ్ల బిడ్డకు మొదటి చుక్క పెట్టింది ఆమే.

తారాబాయి బడిని ముంగిట్లోకి తెచ్చారు. ఈ యాభై ఏళ్లలో మనం దాన్ని ఎన్నోసార్లు ఆఫీసు వైపు లాగాం. పట్టికల కోసం, ఫోటోల కోసం, పైనుంచి అడిగే అంకెల కోసం. ఎక్కడ టీచరు మొహం బిడ్డ వైపు ఉందో అక్కడ కేంద్రం పనిచేసింది. ఎక్కడ ఆ మొహం మా వైపు తిప్పుకున్నామో అక్కడ నిండిన రిజిస్టరు, ఆకలి బిడ్డ మిగిలాయి. సూపర్‌వైజరుగా నేను నేర్చుకున్నది ఇంతే.

చదువరులకు ఒక విన్నపం. మీ వీధి కేంద్రంలో బరువులు తూచే రోజు ఎప్పుడో కనుక్కోండి. ఒక్కసారి వెళ్లి కూర్చోండి. త్రాసు పనిచేస్తోందా, గుడ్లు వచ్చాయా, గ్యాసు బిల్లు అందిందా, టీచరుకు పోయిన నెల డబ్బు పడిందా అని అడగండి. గీత పండుకున్న బిడ్డ ఎవరో అడిగి, ఆమెతో పాటు ఆ ఇంటి దాకా నడవండి.