ఆ పన్నెండు మంది లెక్క

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి కట్టడం గురించి, ప్రధానోపాధ్యాయుల గురించి నాకంటే పెద్దవారు రాస్తారు. హాజరుపట్టీలోకి ఎక్కని చరిత్ర ఒకటి నాకు తెలుసు. 1998లో దూరదర్శన్‌లో ‘కెప్టెన్ వ్యోమ్’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ వచ్చింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మన బడి పిల్లలు దాన్ని వారం వారం ఎలా వెంబడించారో, అందులో నేను చేసిన తప్పేమిటో ఇక్కడ రాస్తున్నాను.

ముందు టీవీ మన వైపు ఎలా వచ్చిందో చెప్పాలి. మన సంఘం పుట్టిన 1975లోనే, ఆగస్టు 1న, ‘సైట్’ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మన దేశం వాడుకోవడానికి ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో ఊరంతా కలిసి చూసే టీవీ పెట్టెలు పెట్టారు. వాటికి తిరగేసిన గొడుగుల్లాంటి ఆంటెన్నాలు ఉండేవి. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సేద్యం, ఆరోగ్యం, బడి పాఠాలు ఆకాశం నుంచి తెలుగులో దిగేవి. 1976 జూలై 31తో ఆ ప్రయోగం ముగిసింది.

ఇందులో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. భూమితో పాటే తిరుగుతూ, కింద ఉన్నవాళ్లకు ఒకేచోట నిలబడినట్టు ఉండే ఉపగ్రహాలతో లోకమంతా ప్రసారాలు పంపవచ్చని 1945లోనే ఒక ఇంగ్లిష్ పత్రికలో వివరంగా రాసినవాడు ఆర్థర్ సి. క్లార్క్. తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా ఆయన లోకమంతటికీ తెలిశాడు. సైట్ ప్రసారాలు చూసుకొమ్మని మన దేశం కొలంబోలోని ఆయన ఇంట్లో ఒక ఆంటెన్నా పెట్టించింది. కాబట్టి సైన్స్ ఫిక్షన్ టీవీలోకి రావడం తర్వాతి మాట. మన పల్లెలకు టీవీ రావడంలోనే ఒక సైన్స్ ఫిక్షన్ రచయిత ఊహ ఉంది.

1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. శంషాబాద్‌లో డాబాల మీద, పెంకుటిళ్ల మీద ఇనుప పైపులు లేచాయి. 1979లో, మన బెంగళూరు రోడ్డు మీదనే ముందుకు పోతే వచ్చే షాద్‌నగర్ దగ్గర, ఉపగ్రహాలు పంపే నేల చిత్రాలను అందుకునే కేంద్రం వచ్చింది. అక్కడి పెద్ద డిష్షులను బస్సు కిటికీలోంచి వెతకడం మాకు అలవాటు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లాడు. ఆయన హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవాడని మన సీనియర్లు గర్వంగా చెప్పుకునేవారట. వాళ్ల కాలంలోనే దూరదర్శన్‌లో అమెరికా ‘స్టార్ ట్రెక్’ వచ్చింది. మనవాళ్లు తీసిన ‘స్పేస్ సిటీ సిగ్మా’ వచ్చింది. 1989లో ‘ఇంద్రధనుష్’ వచ్చింది. అందులో పిల్లలు కంప్యూటరు తయారుచేసి కాలంలో వెనక్కి పోతారు. సినిమా దర్శకుడు కరణ్ జోహార్ బాలుడిగా అందులో నటించాడు. ఈ సంచిక చదువుతున్న ఎనభైల నాటి బ్యాచ్‌ల వారికి ఇవి నాకంటే బాగా గుర్తుంటాయి.

ఇక మా వంతు. 1998 మే నెలలో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగాయి. అబ్దుల్ కలాం పేరు ప్రతి ఇంట్లో వినిపించింది. ఆయన నడిపిన క్షిపణి సంస్థలు కంచన్‌బాగ్‌లో, ఇమారత్‌లో, అంటే మనకు అట్టే దూరం లేని చోటే ఉన్నాయని సైన్స్ టీచరు చెప్పారు. ఆ ఏడాదే ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చింది. దర్శకుడు కేతన్ మెహతా, అంతకుముందు ‘మిర్చ్ మసాలా’ తీసినవాడు. వ్యోమ్‌గా మిలింద్ సోమన్. కథ జరిగేది 2123లో. పరమ దుర్మార్గులైన పన్నెండు మంది నేరస్థులు అంతరిక్షంలోని జైలు నుంచి తప్పించుకుంటారు. విశ్వప్రముఖ్ అనే పెద్ద మనిషి వాళ్లను పట్టే పని వ్యోమ్‌కు అప్పగిస్తాడు. ఆ విశ్వప్రముఖ్ వేషం టామ్ ఆల్టర్‌ది. ఓడలు, గ్రహాలు, యుద్ధాలు చాలావరకు కంప్యూటర్ మీద గీసినవే. ఈనాటి పిల్లలు చూస్తే నవ్వుతారేమో. మా బడిలో అప్పటికి కంప్యూటరే లేదు.

అప్పటికి ఊళ్లో కొన్ని వీధులకు కేబుల్ వచ్చింది. ఈటీవీ, జెమిని చూసేవాళ్లు చూస్తున్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచొచ్చే పిల్లల ఇళ్లలో మాత్రం ఆంటెన్నాయే దిక్కు, అదీ టీవీ ఉంటే. గాలికి ఆంటెన్నా తిరిగితే బొమ్మ నిండా చుక్కలు. ఒకరు డాబా ఎక్కి పైపు తిప్పాలి, ఇంకొకరు కింద నుంచి ‘వచ్చింది, వచ్చింది, పోయింది’ అని అరవాలి. అంతా బాగున్న రోజున ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని బోర్డు పడేది. ఒక వారం తప్పిందంటే తప్పినట్టే. మళ్లీ చూసే దారి లేదు. అందుకే ప్రసారమైన మరునాటి పొద్దున, ప్రార్థనకు ముందు, వేపచెట్టు కింద కథ చెప్పుకోవడం మొదలైంది.

ఈ చెప్పుకోవడంలో మన ఊరిదైన విశేషం ఒకటుంది. సీరియల్ హిందీలో వచ్చేది. అందులో పేర్లు, బిరుదులు సంస్కృతం. మాటల్లో ఎత్తిపొడుపులు, బెదిరింపులు మాత్రం బజారులో వినిపించే హిందీయే. మన బడిలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం తరగతులు పక్కపక్కనే ఉండేవి కదా. ‘వ్యోమ్’ అంటే ఏమిటో ఉర్దూ మీడియం మిత్రులకు అర్థమయ్యేది కాదు. మా పాఠంలో వ్యోమగామి ఉన్నాడు కాబట్టి మేం చెప్పేవాళ్లం. వాళ్ల పుస్తకంలో అంతరిక్షం ‘ఖలా’, గ్రహం ‘సయ్యారా’. మరి విలన్ ఏమని బెదిరించాడో, వ్యోమ్ దానికి ఏం జవాబిచ్చాడో వాళ్లు చెబితే తప్ప మాకు సగం తెలిసేది కాదు. అంతకుముందు రెండు మీడియంల పిల్లలం కలిసేది ఆటల పీరియడ్‌లోనే. ఆ ఏడాది మాత్రం వాళ్ల సగం, మా సగం కలిస్తేనే కథ పూర్తయ్యేది.

మా తరగతిలో ఒక అమ్మాయి లెక్క పెట్టేది. పేరు రాయను, మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసింది. వ్యోమ్‌కు దొరికిన ఒక్కొక్కరి పేరూ రాసి కొట్టేసేది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ పేజీయే తీర్పు.

తెలుగులో కథ చెప్పే పని నాది. గొంతు పెద్దది, చేతులు ఊపుతూ చెప్పేవాణ్ని. నా ముందు ఎప్పుడూ ఒక మిత్రుడు కూర్చునేవాడు. మామిడిపల్లి వైపు నుంచి నడిచి వచ్చేవాడు. వాళ్లింట్లో టీవీ లేదు. నేను చెప్పింది విని, సాయంత్రం ఇంటికి పోయి ఇద్దరు తమ్ముళ్లకు చెప్పేవాడు.

ఒక వారం మా వైపు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు రోజులు కరెంటు లేదు. మా తరగతిలో ఎవరూ సీరియల్ చూడలేదు. మరునాడు వేపచెట్టు కింద అందరూ నా మొహం వైపు చూశారు. చూడలేదని చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు. మా మామయ్య వాళ్లింట్లో చూశానని మొదలుపెట్టి, శని గ్రహం వలయాల మధ్య ఒక యుద్ధం కల్పించి, ఒక నేరస్థుణ్ని పట్టించేశాను. ఆ అమ్మాయి ఇంకో పేరు కొట్టేసింది. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదని మెచ్చుకున్నారు కూడా.

రెండు రోజుల తర్వాత సాతంరాయి నుంచి వచ్చే ఉర్దూ మీడియం మిత్రుడు జ్వరం తగ్గి బడికి వచ్చాడు. వాళ్ల ఊళ్లో కరెంటు ఉంది, అతను చూశాడు. ఆ వారం ఎవరూ దొరకలేదని చెప్పాడు. ఆ అమ్మాయి పేజీ తీసి ఇద్దరి మొహాలూ చూసింది. నేను తల దించుకోవడంతో సంగతి తేలిపోయింది. నవ్విన వాళ్లు నవ్వారు. నా మిత్రుడు నవ్వలేదు.

“మా తమ్ముళ్లకు చెప్పిన గదరా. వాళ్లు గదే నిజమనుకుంటున్నరు. ఇప్పుడు నేనేం చెప్పాలె?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మాలో చాలామందికి నా కథ ఒక దారి మాత్రమే. వచ్చే వారం వాళ్లు చూసుకుంటారు. అతనికి మాత్రం నా మాట తప్ప వేరే దారి లేదు. అతని మాట తప్ప ఆ తమ్ముళ్లకు వేరే దారి లేదు. ఆ తర్వాత మూడు వారాలు అతను వేపచెట్టు దగ్గరికి రాలేదు.

గొడవ మా సోషల్ సారు దాకా పోయింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆ నోటుబుక్కు తెప్పించి, పన్నెండు అంకెల పక్కన రెండు గీతలు గీశారు. ఒక గడి మీద ‘చూసినవారు’, రెండో గడి మీద ‘విన్నవారు’ అని రాశారు. విన్నదాన్ని చూసినట్టు రాస్తే చరిత్ర పాడవుతుందని, శాసనం ఎవరు వేయించారో, ఎప్పుడు వేయించారో ముందు చూడమనేది అందుకేనని చెప్పారు. అంతవరకు సోషల్ అంటే తేదీలు బట్టీ పట్టడం అనుకున్నాను. ఆ రోజు నుంచి వేపచెట్టు కింద కథ చెప్పేవాడు ముందు ఎక్కడ చూశాడో చెప్పాలని నియమం వచ్చింది.

నాలుగో వారం నేనే ఆ మిత్రుణ్ని మా ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు కానీ గడప దగ్గరే నిలబడి చూశాడు. మా నానమ్మ చూసి, “గక్కడ నిలబడ్డవేంది బిడ్డా, లోపలికొచ్చి కూసో” అంది. వచ్చి కూర్చున్నాడు. మరునాడు వేపచెట్టు కింద కథ అతను చెప్పాడు. నాకంటే నెమ్మదిగా, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు. ‘చూసినవారు’ గడిలో అతని పేరు ఎక్కింది.

2008 మార్చిలో మన ఊరికి విమానాశ్రయం వచ్చింది. అతను నడిచొచ్చిన బాటలో చాలా భాగం ఇప్పుడు ప్రహరీ లోపలికి పోయింది. ఆ విమానాశ్రయం పక్కనే ఉన్న ఏరోస్పేస్ పార్కులో స్కైరూట్ అనే సంస్థ రాకెట్లు తయారుచేస్తోంది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన వాళ్ల ‘విక్రమ్-ఎస్’, మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్. ఆ వార్త టీవీలో చూసినప్పుడు నేను మొదట ఫోన్ చేసింది ఆ మిత్రుడికే. “నువ్వు చూసినవా, విన్నవా?” అని అడిగాడు. చూశానని చెప్పాను. ఇరవై నాలుగేళ్లయినా ఆ ప్రశ్న మానలేదు.

ఇప్పుడు మా పిల్లలు సీరియళ్లు ఒక్క రాత్రిలో అన్ని భాగాలూ చూసేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, మాకు వీలుంటే మేమూ అదే చేసేవాళ్లం. అయితే వారం ఎదురుచూడాల్సి రావడం వల్ల, ప్రతి ఇంట్లో టీవీ లేకపోవడం వల్ల, భాష సగమే తెలియడం వల్ల మేం ఒకరి మీద ఒకరం ఆధారపడ్డాం. నమ్మి వింటున్నవాడికి నిజం చెప్పాలని నేను నేర్చుకున్నది అక్కడే.

ఈ వ్యాసంలో 1975, 1977, 1984 నాటి సంగతులు నేను చదివినవీ, విన్నవీ. వేపచెట్టు కింద జరిగినవి చూసినవి. సారు నియమం ప్రకారం చెబుతున్నాను.

చివరగా ఒక మనవి. ఆ లెక్కల నోటుబుక్కు మా బ్యాచ్‌లో ఎవరి అటక మీదైనా ఉంటే స్వర్ణోత్సవం రోజున దయచేసి తీసుకురండి. పన్నెండు మందిలో ఎంతమంది పేర్లు కొట్టేశామో, అందులో నా అబద్ధం ఏ అంకె దగ్గర ఉందో నాకూ ఒకసారి చూడాలని ఉంది.