పోర్ట్‌లాండ్‌కు అచ్చిరాని పొడగరులు

1984 జూన్ 19న న్యూయార్క్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజది. మొదటి వంతులో హ్యూస్టన్ హకీం ఒలజువాన్‌ను తీసుకుంది. మూడో వంతులో షికాగోకు మైకేల్ జోర్డాన్ దక్కాడు. నడుమ పోర్ట్‌లాండ్ ట్రయిల్ బ్లేజర్స్ ఎంచుకున్నది శామ్ బౌయీని. తప్పుడు ఎంపికల మాట వస్తే అమెరికాలో నేటికీ ముందు తలుచుకునేది అతన్నే.

నిజానికి పోర్ట్‌లాండ్‌కు కావలసింది ఒలజువానే. మొదటి వంతు ఎవరిదో ఆ రోజుల్లో నాణెం ఎగరేసి తేల్చేవారు, అందులో ఓడింది. జోర్డాన్ ఆడే గార్డు స్థానానికి క్లయిడ్ డ్రెక్స్‌లర్‌ను ముందు ఏడాదే తెచ్చుకుంది. లోటంతా బుట్ట కింద నిలబడే సెంటర్‌ది. పైగా 1977లో ఆ ఊరికి దక్కిన ఏకైక కిరీటం బిల్ వాల్టన్ అనే సెంటర్ చలవే.

అయితే ఆ వాల్టన్ కూడా 1978లో పాదం ఎముక విరిగి, వైద్యం విషయంలో యాజమాన్యంతో చెడి, మరుసటి ఏడాది వెళ్లిపోయాడు. అంతకుముందు 1972లో మొట్టమొదటి వంతు చేతికొస్తే పోర్ట్‌లాండ్ లరూ మార్టిన్ అనే సెంటర్‌ను ఎంచుకుంది. అతను నాలుగు సీజన్లు ఆడి, సగటున 5.3 పాయింట్లతో తప్పుకున్నాడు. అతని తరవాతి వంతులో బఫెలోకు వెళ్లిన బాబ్ మకాడూ 1975లో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

బౌయీ ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. అంత పొడవుండీ పాస్ ఇవ్వడంలో మంచి నేర్పరి. కెంటకీ విశ్వవిద్యాలయంలో ఉండగా ఎడమ మోకాలి కింది ఎముక చిట్లి రెండు సీజన్లు కూర్చోవలసి వచ్చింది. అందుకే పోర్ట్‌లాండ్ వైద్యులు గంటల తరబడి పరీక్షించారు. కాలి మీద తట్టినప్పుడు నొప్పి ఉన్నా లేదని చెప్పానని 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో బౌయీయే బయటపెట్టాడు. ఇంటివాళ్ల బాగు కోసమే అలా చేశానన్నాడు.

మొదటి సీజన్‌లో 76 ఆటలు ఆడి, సగటున 10 పాయింట్లు, 8.6 రీబౌండ్లు సాధించాడు. కొత్త ఆటగాళ్ల మేటి జట్టులో చోటూ దొరికింది. ఆ తరవాతే కాళ్లు మొరాయించాయి. ముందు ఎడమ కాలు, పిమ్మట కుడి కాలు విరిగాయి. తరవాతి నాలుగు సీజన్లలో అతను ఆడిన ఆటలు వరసగా 38, 5, సున్నా, 20.

1989లో పోర్ట్‌లాండ్ బౌయీని న్యూజెర్సీకి ఇచ్చి బక్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. ఆ బేరం కలిసొచ్చి 1990లో, 1992లో ఫైనల్స్ చేరింది. రెండోసారి ఓడించింది జోర్డాన్ ఉన్న షికాగోయే! బౌయీ మాత్రం న్యూజెర్సీలో నాలుగేళ్లు, ఏటా 60కి పైగా ఆటలతో, కుదురుగా ఆడాడు. 1995లో విరమించేనాటికి అతని ఖాతాలో 511 ఆటలు, సగటున 10.9 పాయింట్లు ఉన్నాయి. ఏ పదిహేనో వంతులోనో వచ్చినవాడికైతే ఇవి గౌరవప్రదమైన లెక్కలే. జోర్డాన్‌కు ముందు వచ్చినవాడిని ఆ లెక్కన చూసేదెవరు?

పోర్ట్‌లాండ్‌కు 2007లో మళ్లీ మొదటి వంతు దక్కింది. ఈసారి కెవిన్ డ్యురాంట్‌ను వదిలి, ఏడడుగుల సెంటర్ గ్రెగ్ ఓడెన్‌ను తీసుకుంది. సీజన్ మొదలు కాకముందే అతనికి మోకాలి శస్త్రచికిత్స అయింది. ఆ ఏడాదంతా పోయింది. 2009 డిసెంబర్‌లో మోకాలి చిప్ప పగిలింది. 2012 మార్చిలో జట్టు వదులుకునేదాకా, ఐదు సీజన్లలో ఓడెన్ పోర్ట్‌లాండ్ తరఫున ఆడినవి 82 ఆటలు. ఎన్‌బీఏలో ఏ జట్టయినా మామూలుగా ఒక్క సీజన్‌లో ఆడేవి సరిగ్గా అన్నే.