మస్టరు దగ్గర విన్న మాట: గోదావరిఖని గనుల్లో దూషణ, సాక్షి, ఎనిమిది రోజుల కోత

పై అధికారి ఒకరిని దూషించినప్పుడు పక్కన నిలిచి విన్నవారు ఏమవుతారన్న ప్రశ్నను పరిశోధకులు ఆలస్యంగా పట్టించుకున్నారు. వేధించే పర్యవేక్షణపై బెన్నెట్ టెప్పర్ 2000లో ప్రచురించిన వ్యాసం తరువాత ఈ చర్చ హోటళ్లకు, వంటశాలలకు విస్తరించింది. ఆ అధ్యయనాలు సాక్షిలోని భయాన్ని, పనిపట్ల విముఖతను చూస్తాయి. సాక్షి మౌనానికి కారణాలు మాత్రం మనస్తత్వంలో కన్నా చట్టంలో, కూలి లెక్కలో ఎక్కువగా కనిపిస్తాయి. గోదావరిఖని చరిత్ర దీనికి నిదర్శనం.

భూగర్భ గనుల్లో కోల్ ఫిల్లర్లు జట్లుగా టబ్బులు నింపేవారు. కూలి టబ్బుల లెక్కన వచ్చేది. ఓవర్‌మన్ ఒకరిని తిట్టి పని మానిపిస్తే నష్టం జట్టంతటిదీ. బాయి మీద మస్టరు దగ్గర పడిన మాట షిఫ్టు మొత్తానికి వినిపించేది. అక్కడ కేవల ప్రేక్షకుడనేవాడు లేడు.

చట్టం ఈ ఐక్యతకు ధర కట్టింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం తొమ్మిదవ సెక్షన్ ప్రకారం పదిమంది లేదా అంతకు మించి కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సహేతుక కారణం లేకుండా గైర్హాజరైతే ఎనిమిది రోజుల వేతనం వరకు కోసే వీలుండేది. ఒక్కడు మానితే పోయేది ఆ రోజు కూలి. తోటివాడి కోసం పదిమంది మానితే ఒక్కొక్కరికి ఎనిమిది రోజులది. అవమానం నోటీసు ఇచ్చి రాదు, దానికి జవాబుగా పని ఆపడానికి మాత్రం నోటీసు కావాలి! 1981లో సింగరేణిలో సాగిన 56 రోజుల సమ్మె ఈ కోతకు వ్యతిరేకంగానే జరిగింది. సింగరేణి కార్మిక సమాఖ్య అందులోంచే పుట్టింది. 1990ల ఆరంభంలో ఏటా వందల సంఖ్యలో జరిగిన చిన్న సమ్మెలను క్రమశిక్షణారాహిత్యంగా మాత్రమే చదవడం తేలిక. అయితే సమ్మెల సంఖ్య చెప్పే లెక్కలో ఎవరు ఎవరిని ఏమన్నారన్నది నమోదు కాదు.

గనుల పక్కనే ఉన్న ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్. ఫ్యాక్టరీల చట్టం, గనుల నియమాలు రెండూ 250 మందికి మించి పనిచేసేచోట క్యాంటీన్‌ను తప్పనిసరి చేశాయి. అన్నం తినేవారి సంఖ్యను బట్టి చట్టం కదిలింది; వండేవారి సంఖ్య వేరు. కాంట్రాక్టరు కింద నలుగురైదుగురు పనిచేసే వంటగదిలో ఒకరు తిట్లు తింటే మిగిలినవారందరూ వింటారు. పదిమంది లేరు కనుక ఎనిమిది రోజుల కోత అక్కడ అక్కరలేదు. రేపటి నుంచి రావద్దంటే చాలు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమూ ఇరవైమంది కన్నా తక్కువ కూలీలున్న కాంట్రాక్టరుకు వర్తించలేదు.