కలకత్తా గోధుమ, కెనడా పంట పండుగ

అక్టోబరు రెండవ సోమవారం వస్తుందంటే మన పిల్లలు థాంక్స్‌గివింగ్ అంటే ఏమిటని అడగరు. అది బడిలోనే నేర్చుకుని వస్తారు. వాళ్ళ సందేహం వేరు: సంక్రాంతి కూడా పంట పండుగే గదా, దాన్ని మంచులో ఎందుకు చేసుకుంటాం అని. జవాబు కష్టమేమీ కాదు. మన ఊళ్ళలో సార్వా వరి కోసి, నూర్చి, గాదెకు చేర్చేసరికి పుష్యమాసం వస్తుంది. కెనడాలో అప్పటికి పొలమే కనబడదు.

అలాగని ఇక్కడి పండుగ మొదటినుంచీ అక్టోబరులోనే లేదు. 1879లో నవంబరు 6న జరిపారు. 1921 నుంచి 1930 దాకా యుద్ధ విరమణ దినంతో కలిపి నవంబరులోనే చేశారు. 1957 జనవరి 31న వెలువడిన ప్రకటనతో గాని ఇప్పటి తేదీ స్థిరపడలేదు. 1578లో ఫ్రోబిషర్ నావికులు చేసిన ప్రార్థనను తొలి పండుగగా చెప్పడం పరిపాటి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించి నేలతల్లికి దండం పెట్టుకున్న ఇక్కడి ఆదివాసులు అంతకు ఎంతో ముందున్నారు. గొబ్బెమ్మ నెత్తిన మనం పెట్టే గుమ్మడిపువ్వు కూడా ఈ ఖండంనుంచి సముద్రం దాటి మన పెరట్లోకి వచ్చిన తీగదే!

ఇక అటునుంచి ఇటు వచ్చినదాని సంగతి. పడమటి మైదానాల్లో అప్పట్లో ఎక్కువగా పండించిన గోధుమ రెడ్ ఫైఫ్. 1842 ప్రాంతంలో ఆంటారియో రైతు డేవిడ్ ఫైఫ్ స్కాట్లండునుంచి తెప్పించుకున్న విత్తనం అది. రొట్టెకు మేలైనదే గాని, ఆలస్యంగా పండేది. కోతకు ముందే మంచు పడితే ఏడాది కష్టం మట్టిపాలు. త్వరగా పండే రకంకోసం ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల అధిపతి విలియం సాండర్స్ దేశదేశాల విత్తనాలు తెప్పించాడు. వాటిలో మన దేశపుది ఒకటి, పేరు హార్డ్ రెడ్ కలకత్తా. 1892లో రెడ్ ఫైఫ్ పుప్పొడితో దాన్ని సంకరం చేశారు. అంటే కలకత్తా గోధుమే తల్లి అన్నమాట.

ఆ సంతతిలోంచి మంచి మొక్కను ఏరినవాడు విలియం కొడుకు చార్లెస్. అతని పరీక్ష మన రైతులకు నచ్చేదే: గింజలు నోట్లో వేసుకుని నమిలి, జిగురు చూసేవాడు. 1904లో ఎంపికచేసి, 1907లో సస్కాచ్వాన్‌లోని ఇండియన్ హెడ్‌లో పండించి చూశారు. (ఆ పేరులోని ఇండియన్ మనం కాదు, 1874 ఒప్పందంతో ఆ భూములు చేజారినవారు.) 1909లో మార్క్విస్ అనే పేరుతో రైతులకు పంచారు. రెడ్ ఫైఫ్ కన్నా సుమారు వారం ముందే కోతకు వచ్చేది. ఆ వారం రోజులే మైదానాలను ధాన్యాగారం చేశాయి. 1920 నాటికి పడమటి కెనడా గోధుమ చాలావరకు మార్క్విసే.

విత్తనానికి దొరికిన ఆదరణ మనిషికి దొరకలేదు. 1908లోనే, పుట్టిన దేశంనుంచి ఎక్కడా ఆగకుండా ఒకే టిక్కెట్టుపై రానివాళ్ళను దిగనివ్వకుండా నిబంధన పెట్టారు. భారతదేశంనుంచి అలా రావడానికి వీలులేదని తెలిసే పెట్టారు. 1914లో కోమగాటమారు ఓడ 376 మందితో వాంకూవరు చేరితే, రెండు నెలలు రేవులో నిలబెట్టి దాదాపు అందరినీ తిప్పి పంపారు. అదే వేసవిలో మైదానాల్లో కలకత్తా గోధుమ బిడ్డ ఏపుగా ఎదుగుతూ ఉంది. ఆ నిబంధన 1947 దాకా పోలేదు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాక గాని మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో ఈ గడప తొక్కలేదు.

ఇప్పుడు ఎవరైనా ఈ పండుగ మీది కాదు గదా అంటే, మనం మొహమాటపడనక్కరలేదు. మార్క్విస్‌ను తర్వాత తుప్పు తెగులు దెబ్బతీసింది. 1930లలో దాని స్థానంలోకి వచ్చిన థాచర్ కూడా మార్క్విస్ సంతానమే. ఆ వంశం ఇంకా సాగుతోంది. సంక్రాంతికి మనం బొబ్బట్లు చేసుకునే కెనడా మైదాలో కాస్త కలకత్తా పాలు ఉంది.