బిందె ఎత్తిన చెయ్యి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ‘పల్లె’ అన్న మాటకు బయటివాళ్ళకు తట్టని అర్థం ఒకటుంది. పల్లె అంటే గ్రామం కాదు, ఊరి పక్కన మాలలో మాదిగలో ఉండే చోటు. ఊరు వేరు, పల్లె వేరు. మిరపకోతకూ పత్తితీతకూ ఊరి పొలాల్లోకి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దుగూకాక చేరేది పల్లెకే. ద్వేష రాజకీయాలు దేశాన్ని ఇప్పుడే రెండుగా చీల్చాయని వాపోయేవాళ్ళను చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇక్కడ అది ఎప్పుడు ఒకటిగా ఉంది గనక?

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు పట్టుకునే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెను తెచ్చి నీళ్ళు పాడుచేశాడు. అదేమిటన్న మాదిగ కుర్రాడి మీద దెబ్బ పడింది. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపోయి, తన మీదికొచ్చినవాళ్ళకు ఎదురుగా బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున్నే వందలాది మంది ఆయుధాలతో మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు మగవాళ్ళను చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. అదే బిందెను ఊరి ఆడబిడ్డ ఎత్తి ఉంటే వీరనారి అనేవాళ్ళు!

అప్పుడు అధికారంలో ఉన్నది తెలుగుదేశం, ‘ఆడపడుచులు’ అన్న పిలుపుతో స్త్రీల ఓట్లడిగిన పార్టీ. కారంచేడు ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు వియ్యంకుడి ఊరు కూడా. హిందూ వారసత్వ చట్టానికి ఆ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1986లో చట్టమైనా, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అంటే హత్యాకాండ జరిగిన 50 రోజులకు. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. కేంద్రం కూతుళ్ళకు ఆ హక్కిచ్చే సవరణ తేవడానికి 2005 దాకా పట్టింది. ఆ చట్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అది పంచింది ఉన్నవాళ్ళ పొలాన్ని. పొగాకూ పత్తీ పండే ఆ నల్లరేగడిలో మాదిగపల్లె ఆడవాళ్ళ పేరన ఏముంది, పంచడానికి? పైగా చట్టం పేరులోనే ‘హిందూ’ ఉంది. సువార్త అన్న పేరు చూడండి. 1878లో ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్కరోజున 2222 మందికి బాప్తిస్మమిచ్చిన ప్రాంతమిది. వాళ్ళలో అత్యధికులు మాదిగలే. ఆడపడుచన్న పిలుపు పల్లె గుమ్మం తొక్కలేదు.

బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. మళ్ళీ ఆ ఊరు వెళ్ళమన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నడిపిన దళిత మహాసభ ఆ పోరాటంలోంచే పుట్టింది. 1921లో మునిసిపాలిటీ పన్నుల మీద తిరగబడి చీరాల-పేరాల జనం ఇళ్ళు వదిలి రామనగర్‌లో పాకలేసుకున్నారు. దాన్ని జాతీయోద్యమ గాథగా చెప్పుకుంటాం. అదే చీరాలకు ప్రాణాలరచేత పట్టుకొచ్చినవాళ్ళది మాత్రం ‘కారంచేడు గొడవ’.

1991 ఆగస్టు 6న చుండూరు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న తగాదా సాంఘిక బహిష్కారంగా ముదిరింది. చివరికి ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాల్వలో పడేశారు. ఈసారి పాలన కాంగ్రెసుది. పాలకపక్షమూ పరామర్శపక్షమూ కుర్చీలు మార్చుకున్నాయి, అంతే.

పార్టీల కపటం మనకు అలవాటే. మింగుడుపడనిది మరొకటి. దళిత యువకులు తమను అల్లరిపెడుతున్నారంటూ అగ్రకుల స్త్రీలు వీధుల్లోకొచ్చారు. వేధింపు అన్న మాటను స్త్రీల ఉద్యమం ఎన్నో ఏళ్ళు పోరాడి సంపాదించుకుంది. దాన్నే హంతకులకు డాలుగా పట్టారు. ఆ స్త్రీల ఫిర్యాదు నిజమా అబద్ధమా అని తేల్చుకోవడంతో మన పని అయిపోదు. కూలికెళ్ళే దళిత స్త్రీని పొలం గట్టు మీద అదే ఊరి మగవాళ్ళు వేధిస్తే ఏ ఊరేగింపూ బయల్దేరదేం? వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ ఆ ఏడాదే కులాన్నీ జెండర్‌నూ కలిపి చూస్తూ వ్యాసం రాశారు. మనలో చాలామందికి ఆ చర్చ రుచించలేదు. ‘స్త్రీలంతా ఒకటే’ అన్న నినాదం మీద మనకు అంత మమకారం.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, 23 ఏళ్ళకు. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు రెండు ఊళ్ళూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. చుండూరు హతులను దళితులు శ్మశానానికి తీసుకెళ్ళలేదు, తమ ఇళ్ళ మధ్యనే పూడ్చుకున్నారు. ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు.