డెల్ పుయెంటే, జ్యుసెప్పే

డెల్ పుయెంటే, జ్యుసెప్పే (1841 జనవరి 30, నేపుల్స్ – 1900 మే 25, ఫిలడెల్ఫియా): అమెరికాలో పేరుగాంచిన ఇటాలియన్ ఒపెరా గాయకుడు. ఈయనది బారిటోన్ గాత్రం, అంటే పురుష గాత్రాల్లో టెనర్‌కు, బాస్‌కు నడిమిది. సంగీత శిక్షణ నేపుల్స్ సంగీత కళాశాలలో. 1870ల తొలి సంవత్సరాల్లో అమెరికా వేదికలకు వచ్చాడు.

1878 అక్టోబర్ 23న న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో ఒపెరా నిర్వాహకుడు మేపుల్సన్ బృందం 'కార్మెన్'ను అమెరికాలో తొలిసారి, ఇటాలియన్ భాషలో ప్రదర్శించింది. అందులో ఎద్దులతో పోరాడే ఎస్కమియో పాత్ర ఈయనదే. ఈ పాత్ర గాయకులకు గట్టి పరీక్ష. రెండో అంకంలోని పాట మంద్రంలోని బీ-ఫ్లాట్ వరకు దిగి, పైన ఎఫ్ స్వరం దాకా ఎక్కుతుంది. రెండు కొసలూ సమంగా పలికే గొంతులు అరుదు.

1883 అక్టోబర్ 22న మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్ 'ఫౌస్ట్'తో ప్రారంభమైనప్పుడు వాలెంటైన్‌గా పాడాడు. ఆ డిసెంబర్ 20న అక్కడే జరిగిన 'లా జ్యోకొండా' తొలి అమెరికా ప్రదర్శనలో గూఢచారి బర్నాబా పాత్ర ధరించాడు. తొలి ఏడాది భారీ నష్టాల వల్ల ఆ సంస్థ జర్మన్ ఒపెరాకు మళ్లింది. డెల్ పుయెంటే తిరిగి మేపుల్సన్ పక్షాన పాడాడు. 1885 డిసెంబర్ 23న 'మనోన్' తొలి అమెరికా ప్రదర్శనలో లెస్కో ఈయనే. 1891 సెప్టెంబర్ 9న ఫిలడెల్ఫియాలో 'కావల్లేరియా రుస్తికానా' అమెరికాలో మొదటిసారి ప్రదర్శితమైనప్పుడు బండివాడు ఆల్ఫియోగా పాడాడు. ఒకే గాయకుడికి ఇన్ని తొలి ప్రదర్శనలు దక్కడం విశేషం. చివరి సంవత్సరాల్లో ఫిలడెల్ఫియాలో గాత్రం నేర్పాడు.